మా గేటుకు అంటించిన నోటీసు

ఇన్నేళ్లుగా నేను చెబుతున్నది ఎవరి చెవికీ ఎక్కలేదు. మున్సిపల్ ఆఫీసులో నేను గుమ్మం ఎక్కడం చూసిన గుమాస్తా ఒకాయన పొద్దున్నే టిఫిన్ డబ్బా విప్పి, లంచ్ టైమన్నాడు. పెరుగన్నం కలుపుతూ ఆయన నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు, మరిచిపోను. అందుకే ఈసారి అర్జీ మానేసి ఇలా రాస్తున్నాను.

మాది అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వచ్చే ఒక గల్లీ. ఒకప్పుడు అన్నీ ఇళ్లే. ఇప్పుడు ఇంటికి రెండు హాస్టళ్లు. కోర్సులు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా, వాళ్ల మీద నాకు కోపం లేదు. నా తగువంతా ఒక ఎగ్జాస్ట్ ఫ్యానుతో.

ఇంటికీ ప్రహరీ గోడకూ మధ్య కొంత ఖాళీ జాగా వదలాలని నిబంధన. మేము వదిలాం. పక్కింటివాళ్లూ వదిలారు. ఆ ఇంటిని కొన్నాయన దాన్ని మగపిల్లల హాస్టల్ చేసి, వదిలిన జాగా మీద రేకులు దించి, వంటగది పెట్టాడు. దాని ఫ్యాను సరిగ్గా మా పడకగది కిటికీకి ఎదురు. నా భార్యకు ఆయాసం. తెరిస్తే మిరపకాయల పోపు, మూస్తే ఊపిరాడదు.

మర్యాదగా గోడ దగ్గరికి వెళ్లి అడిగాను. "ఇది నివాస ప్రాంతం కదయ్యా, వ్యాపారం పెట్టొచ్చా?"

"ఏం మాట సారూ! మీ ఇంట్ల నివాసముండేది ఇద్దరు. మా ఇంట్ల గదికి ఆరుగురు నివాసముంటున్నరు. ఎవరిది ఎక్కువ నివాసమో నువ్వే చెప్పు," అన్నాడు. "జర ఉండు, ఇడ్లీలు దించినం, నాలుగు పట్కపో."

తీసుకోలేదు. నా భార్య తీసుకుంది. బాగున్నాయని కూడా అంది. అదీ నాకు గుర్తుంది.

నేను అర్జీల మీద అర్జీలు పెట్టగా, చివరికి ఒక శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మా గల్లీలో హాస్టల్‌ను గుర్తుపట్టడానికి బోర్డు అక్కర్లేదు. గేటు ముందు చెప్పుల కుప్ప చూస్తే చాలు. అధికారులకూ అదే కొలత. కానీ పగలు పిల్లలంతా క్లాసులకు పోతారు. పక్కింటి ముందు ఒక్క చెప్పు లేదు, పైగా ఎవరో కడిగి ముగ్గేశారు. ఆ రోజు మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. గల్లీలోని ఆడవాళ్లందరి చెప్పులూ మా గేటు ముందే.

నేను కొబ్బరికాయల కోసం బయటికి వెళ్లిన సమయం చూసి వచ్చాడు మహానుభావుడు. చెప్పులకు ఫోటో తీసుకున్నాడు. నా భార్య ఎవరో పెద్దమనిషి అనుకుని, పులిహోర, శనగలు పెట్టి ఇచ్చింది.

"లేడీస్ హాస్టలా అమ్మా? మెస్ మస్తుగుంది," అన్నాడట తింటూ.

"అందరు మా వాళ్లే సారూ. ఏటా వస్తరు," అందట ఈవిడ.

వారం తిరగకుండా మా గేటుకు నోటీసు అంటించారు: నివాస గృహంలో అనుమతి లేకుండా మహిళల హాస్టల్ నడుపుతున్నందుకు సంజాయిషీ చెప్పాలట. దాన్ని పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాను.

"మీ ఫిర్యాదు మీద చర్య తీస్కున్నం కద సార్. ఫైలు క్లోజ్ అయింది," అన్నాడు ఆ అధికారే.

"చర్య నా మీద తీసుకున్నారు!"

"ఎవరి మీదైతేంది సార్, చర్య చర్యే కద."

తిరిగి వస్తుంటే హాస్టల్ ఆయన ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చేయకు సారూ. గిసోంటి నోటీసులు మాకు అలవాటే. మా వకీలును పంపిస్త, మంచిగ జవాబు రాస్తడు." గల్లీలో అందరి ముందూ నన్ను తన వృత్తిలో కలిపేసుకున్నాడు.

నేను హాస్టల్ నడపడం లేదని జవాబు నేనే రాసి ఇచ్చాను. కావాలంటే వచ్చి పడకలు చూసుకోమన్నాను. ఎవరూ రాలేదు. ఇప్పుడు నా భార్య పడకగది వదిలేసి, ముందుగదిలో దివాను మీద పడుకుంటోంది. "పోనీయుండ్రి, వాళ్లు సుత బతకాలె," అంటుంది. అంటూనే దగ్గుతుంది. నాకు ఆ మాట కంటే దగ్గే ఎక్కువ వినిపిస్తుంది.

నా గేటు దాకా వచ్చిన వాళ్లకు పక్కింటి గోడవార రేకులు ఎందుకు కనబడలేదో నేనిక అడగను. ఒక్కటే అడుగుతున్నాను. నా భార్య తన గదిలో కిటికీ తెరుచుకుని పడుకోవచ్చా, కూడదా? ఆ మున్సిపల్ ఆఫీసు సీటులో ఎవరు కూర్చున్నా సరే, ఈసారి నోటీసు అంటించకుండా నోటితో జవాబు చెప్పండి.