సీఆర్‌పీ తగ్గని రోజులు

మెడ పక్కన గడ్డ తేలినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఎనుమాముల మార్కెట్‌లో మాది మిర్చి కమీషన్ దుకాణం. ఘాటుకు దగ్గు, చెమట మాకు మామూలే. కానీ సాయంత్రం కాగానే జ్వరం, చొక్కా పిండితే కారేంత చెమట. చంకల్లోనూ గడ్డలు వచ్చాయి. మొదట చూసిన డాక్టరు గడ్డలో సూది పెట్టి పరీక్ష చేయించాడు. ఏమీ తేలకపోయినా టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టాడు. నెలలు గడిచినా జ్వరం పోలేదు. ఒకచోట నిలవలేకపోయేవాణ్ణి. కాంటా దగ్గరుంటే ఇంటికి పోవాలనిపించేది, ఇంట్లో పడుకుంటే మార్కెట్‌కు.

"జర ఆ గడ్డను ఇడిసిపెట్టు. పొద్దుగాల నుంచి పిసుకుతనే ఉన్నవ్," అని నా భార్య చేయి లాగేసేది.

చివరికి ఆమే హనుమకొండలో రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచింది.

"ఒంట్ల వాపుంటే రక్తంల సీఆర్‌పీ పెరుగుతది. మీకు ప్రతిసారీ ఎక్కువనే ఉంది. హిమోగ్లోబిన్ పడిపోతాంది. టీబీ మందులకు ఏదీ మారలేదు."

"క్యాన్సరా, మేడం?" అని నా భార్య అడిగింది.

"ఇప్పుడే చెప్పలేనమ్మా. ఒక గడ్డను మొత్తం తీసి చూడాలె. రక్తంల వాపును పెంచే ఐఎల్-సిక్స్ అని ఇంకోటి చూడాలె. అది హైదరాబాద్ పంపుతం."

గడ్డ తీశారు. రిపోర్టుల కోసం ఎదురుచూస్తూ, ఒకరోజు దుకాణానికని బయలుదేరి ములుగు బస్సెక్కాను. అక్కడ నాకే పనీ లేదు. బస్టాండులో చాయ్ తాగుతుంటే భార్య ఫోన్ చేసింది.

"ఏడున్నవ్?"

"ములుగుల."

"ఏం పనుండె?"

"ఏం లేదు."

"ఈసారి నన్ను గూడ తీస్కపో," అంది.

ఐఎల్-సిక్స్ బాగా ఎక్కువగా వచ్చింది. గడ్డ పరీక్షతో జబ్బేదో తేలింది. గడ్డలు ఉబ్బి, ఒంట్లో వాపు పెంచే క్యాసిల్‌మన్ జబ్బట. చాలా అరుదుగా వస్తుందట.

"క్యాన్సర్ కాదు. కానీ అల్కగ తీస్కోవద్దు," అంది డాక్టరమ్మ. నా భార్య మొదటి మాట వినగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. లేచి వరండాలోకి పోయి, మళ్లీ లోపలికొచ్చి, "ఇంకోసారి చెప్పున్రి మేడం," అన్నాను.

సెలైన్‌లో మందు ఎక్కించడం మొదలయ్యాక జ్వరం ఆగింది. గడ్డలు మెల్లగా అణిగాయి. మందుకు ముందు ప్రతిసారీ పరీక్షకు రక్తం ఇవ్వాలి. సీఆర్‌పీ ఇప్పుడు మామూలుగానే వస్తోంది. అయినా ఆ రిపోర్టు ఫోన్‌లోకి వచ్చేదాకా దుకాణం ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను.