మెట్ల దగ్గర చెప్పులు

ఆవిడ ఇల్లంతా వట్టి కాళ్లతోనే తిరిగేది. మేడ మెట్ల దగ్గరకు రాగానే మాత్రం చెప్పులు తొడుక్కునేది.

జువ్వలదిన్నెలో ఆ ఇంటికి ప్లాను గీసింది నేనే. భర్త పోయిన ఏడాదే ఆయన పడవను మరిది లాగేసుకున్నాడట. అడగబోతే, "ఆడది కాలు పెడితే పడవకి మైల" అని రేవులో అందరి ముందూ పక్కకు నెట్టేశాడట. ఆవిడ ఎండుచేపలు అమ్మి నిలదొక్కుకుంది. ఫైబరు బోటు కొనుక్కుని అతను ఆ చెక్క పడవను అమ్మకానికి పెడితే, వేరేవాళ్లచేత కొనిపించింది.

పాత పడవ చెక్క అనగానే నాకు హుషారొచ్చింది. హాలు పైకప్పుకు వాడదామన్నాను.

"నెత్తిమీద వద్దు నాయనా, కాళ్లకింద వెయ్యి. ఆ నీలం రంగు మాత్రం గీకబాక," అంది.

ఒక్కో పలకా గోడలోంచి గాల్లోకి పొడుచుకొచ్చినట్టు మెట్లు కట్టించాను.

గృహప్రవేశం నాడు భోజనాలు మేడమీద. మరిది వచ్చి, మొదటి మెట్టు మీది నీలం రంగు చూసి నిలబడిపోయాడు. పడవ మీదకు చెప్పులతో ఎవరూ ఎక్కని ఊరది. పైన ఆవిడ చెప్పులతో నిలబడి ఉంది.

"ఎక్కు అబ్బయ్యా, అన్నం చల్లారిపోతా ఉండాది. నేనెక్కినా ఏ మైలా అంటలేదులే!"

అతను వంగి మెట్టును తాకి, కళ్లకద్దుకుని, తినకుండానే వెళ్లిపోయాడు.

ఆవిడ తాపీగా దిగొచ్చింది. అతను చెయ్యి పెట్టిన చోటే చెప్పు మడమ ఆనించి, గట్టిగా ఒక్క తిప్పు తిప్పింది.

"మంచి చెక్క నాయనా. నేను పోయిందాకా తొక్కచ్చు."