పెద్దనాన్న ఐసుపెట్టె

మా పెద్దనాన్న పోయాడని వేటపాలెం నుంచి కబురొచ్చినప్పుడు నేను గుంటూరులో, మా బడి వరండాలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. "జీడిపప్పు ఫ్యాక్టరీలోనేనమ్మా. దగ్గుతూ కూర్చున్నాడంట, మళ్ళీ లేవలేదంట" అన్నాడు కబురు తెచ్చిన బంధువు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ జీడిగింజల పొగలోకి ఆయన్ని నెట్టిందెవరో చెప్పకుండా, ఆయన మంచితనం గురించి మాత్రమే రాసి ఊరుకోవడం నావల్ల కాదు.

ఒంగోలులో డిగ్రీ చదివే రోజుల్లో నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పెద్దమ్మ మా అమ్మకు అక్క. వాళ్ళకు పిల్లల్లేరు. పెద్దనాన్నకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. దాన్నే టాక్సీగా తిప్పేవాడు. వేసవి వచ్చిందంటే మధ్యాహ్నం పూట టాక్సీలన్నీ రోడ్డు పక్కన ఆగిపోయేవి. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతే పంపు దాన్ని లాగలేదు. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పి, బీడీలు కాలుస్తూ కూర్చునేవాళ్ళు. పెద్దనాన్నకు అది నచ్చేది కాదు.

"తడిగుడ్డ జ్వరమొచ్చాక వేసేది. అసలు రాకుండా చూసుకోవద్దా?" అనేవాడు.

ఒక వేసవిలో ఆయన రేకుతో పెట్టె చేయించి బానెట్ కింద ఒక మూలన బిగించాడు. అందులో చుట్టలు చుట్టిన రాగి గొట్టం, దాని చుట్టూ ఐసు. పెట్రోలు ఆ చుట్టల్లోంచి చల్లబడి ఇంజనుకు వెళ్ళేది. అయినా బండి ఆయన కోరుకున్నంత లాగలేదు. నాలుగు రోజులు బానెట్ ఎత్తిపెట్టుకుని ఆలోచించి, కారు ముందువైపు జాలీ నుంచి ఎయిర్ ఫిల్టర్ దాకా ఇంకో వెడల్పాటి రేకు గొట్టం వేశాడు. ఇంజను తన వేడిగాలి తానే పీల్చకుండా బయటిగాలి పీల్చాలని.

"చల్లగాలి చిక్కగా ఉంటదే అమ్మాయ్. ఒక్క గుక్కలో ఎక్కువ పడద్ది. వేడిగాలి పీల్చి నువ్వు పరిగెత్తగలవా? అదీ అంతే."

ఆ మధ్యాహ్నమే నన్నూ పెద్దమ్మనూ ఎక్కించుకుని, డిక్కీలో మిరపకాయ బస్తాలు వేసుకుని, గుండ్లకమ్మ వంతెన వైపు తీసుకెళ్ళాడు. ఎప్పుడూ రెండో గేరులో మూలుగుతూ ఎక్కే వంతెన ఎత్తును, బండి మూడో గేరులోనే ఎక్కేసింది. ఆయన స్టీరింగు మీద అరచేత్తో కొట్టి "లాగుద్ది! చూశావా, లాగుద్ది!" అని అరిచాడు. పెద్దమ్మ "రోడ్డు చూడవయ్యా" అని కసిరింది.

చేపల లారీలకు ఐసు అమ్మే ఫ్యాక్టరీ నుంచి రోజూ పొద్దున్నే గోనెసంచిలో ఐసు తెచ్చేవాడు. పెట్టె నింపే ముందు ఒక ముక్క పగలగొట్టి నా చేతిలో పెట్టడం ఆయన అలవాటు. తాళం తిప్పే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసుకునేవాడు. నడి మే నెలలో టీచరు ఉద్యోగం ఇంటర్వ్యూకి నన్ను గుంటూరు చేర్చింది ఆ కారే. దారిలో ఆగిపోయిన బస్సునూ, దాని నీడన కూర్చున్న జనాన్నీ దాటుకుంటూ వెళ్ళాం. ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్షే.

సంగతి ఊళ్ళో పాకింది. ఒక పొగాకు వ్యాపారి కొడుకు వచ్చి తన కారుకూ పెట్టమన్నాడు. స్నేహితులతో పందెం వేసుకున్నాడట, ఎవరు ముందు గుంటూరు చేరతారని. పెద్దనాన్న పందేనికి వద్దన్నాడు గానీ, ఆ కుర్రాడు వదల్లేదు. చివరికి బిగించి ఇచ్చాడు.

"రాగి గొట్టమే ఉండాలి బాబూ. అతుకు వదిలితే నా దగ్గరికే తీసుకురా. రబ్బరు మాత్రం పెట్టనియ్యమాక. వేడికి మెత్తబడి జారిపోద్ది" అని మరీ మరీ చెప్పాడు.

అతుకు వదిలింది. కుర్రాడికి తొందర. పెద్దనాన్న చిన్ననాటి స్నేహితుడి మెకానిక్ షెడ్డు దగ్గర్లో ఉంటే అక్కడికే తీసుకెళ్ళాడు. ఆ స్నేహితుడు రాగి తీసేసి రబ్బరు గొట్టం తొడిగాడు. గుంటూరు రోడ్డు మీద కారు అంటుకుంది. కుర్రాడు ప్రాణంతో బయటపడ్డాడు గానీ, రెండు చేతులూ కాలిపోయి, వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

పోలీసులు పెద్దనాన్నను తీసుకెళ్ళారు. కాలిన కారు చూపిస్తే "ఈ గొట్టం నాది కాదండీ, నేను పెట్టింది రాగి" అన్నాడు. మెకానిక్‌ను పిలిచి అడిగారు. ఆ వ్యాపారి లారీలన్నీ బాగయ్యేది అతని షెడ్డులోనే. "నేను ఆ కారు ముట్టుకోనే లేదు సార్" అన్నాడు. పందెం సంగతి బయటపడుతుందని కుర్రాడూ షెడ్డు మాట ఎత్తలేదు. అప్పుడు నేనూ పెద్దమ్మా స్టేషను గుమ్మంలోనే ఉన్నాం. పెద్దనాన్న అతని వైపు తిరిగి "ఒరేయ్" అన్నాడు.

లైసెన్సు పోయింది. కారు అమ్మేశారు. ఒంగోలులో ఆయన్ని "కారు తగలబెట్టినోడు" అనడం మొదలుపెట్టారు. వేటపాలెం వెళ్ళి జీడిగింజలు వేయించే పనిలో చేరాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిప్పుల ముందు, కళ్ళు మండే పొగలో. నేను వెళ్ళినప్పుడల్లా ఆ మెకానిక్‌ను తిట్టేదాన్ని. ఆయన ఆపేవాడు.

"వాడికి భయమే. భయం తీరాక వాడే వచ్చి చెబుతాడు, చూడు."

ఆ చివరి మాట నాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఆయన దాన్ని నిజంగానే నమ్మాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే వీధిలోకి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

సమాధి దగ్గర పాస్టరుగారు ఆయన ఓర్పు గురించి మాట్లాడారు. ఒంగోలులో కారు తగలబెట్టినోడన్న నోళ్ళే ఆమెన్ అన్నాయి. ఓర్పు ఆయన కోరి తెచ్చుకున్నది కాదని నేను లేచి చెప్పాలనుకున్నాను. పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు.

మూడో రోజు మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. చెప్పులు అరుగు మీద విప్పి గుమ్మం ముందు నిలబడ్డాడు. మనిషి బాగా ముసలివాడైపోయాడు.

"రబ్బరు వేసింది నేనేనమ్మా. నోరు రాలేదమ్మా ఆ రోజు" అన్నాడు.

"తెలుసయ్యా" అంది పెద్దమ్మ. "ఈ మాట ఆయనకి చెప్పాల్సింది. వీధిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు నీకోసం. వచ్చావా?"

"సమాధి దగ్గరికెళ్ళి చెబుతానమ్మా..."

"చెప్పుకో. ఆయన విననూ వినడు, నిన్ను తిట్టనూ తిట్టడు. నీకదే కదా కావాల్సింది."

తలుపు వేసేసింది. నేను కిటికీ సందులోంచి చూశాను. అతను వీధిలోకి దిగి నిలబడ్డాడు. చెప్పులు అరుగు మీదే ఉన్నాయి. వెనక్కి వచ్చి తీసుకునే ధైర్యం లేనట్టుంది. కాలే మట్టి మీద ఒక పాదం ఎత్తి ఒక పాదం దించుతూ, ముందుకీ పోలేక, వెనక్కీ రాలేక, అక్కడే ఉండిపోయాడు.