గుక్కెడు పెట్రోలు

ముందే ఒప్పేసుకుంటాను. నా జబ్బు దేవుడిచ్చింది కాదు, దోమ కుట్టి వచ్చింది కాదు. నోరారా పీల్చి తెచ్చుకున్నది. ఈ పత్రికలో క్షయ గురించీ టైఫాయిడ్ గురించీ రాసినవారంతా ఏ పాపమూ ఎరగకుండా మంచం పట్టారు. నేను పెట్రోలు తాగి పట్టాను.

మాది చోడవరం పక్క పల్లె. చెరకు, వరి పండిస్తాం. గానుగ తిప్పే ఎడ్లజతను మా ఊరి అప్పన్నకు అమ్మేసి, ఆ ఏడాదే ఆయిల్ ఇంజను కొన్నాను. ఎడ్లయితే గానుగ చుట్టూ తిరుగుతాయి, ఇంజనయితే ఊరే దాని చుట్టూ తిరుగుతుందని నా ఆశ. అది నడిచేది కిరసనాయిలు మీదే గానీ, నిద్ర లేవడానికి మాత్రం ముందు కాస్త పెట్రోలు పడాలి, కాఫీ అందితే తప్ప దుప్పటి తియ్యని మనిషిలాగ.

"ఇంజను పేడెయ్యదు కదరా, పొలానికి ఏటేస్తావు?" అంది మా అమ్మ. నేను నవ్వేశాను. ఆ నవ్వు ఖరీదు కూడా తరువాత ఊపిరితోనే చెల్లించాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, కార్తికంలో గాలివాన కొట్టింది. నిలువెత్తు చెరకు చాపలా పడుకుంది. పడిన చెరకును వెంటనే ఆడకపోతే రసం పులుస్తుంది, పాకం బెల్లం కట్టదు. ఊళ్ళో అందరూ ఎడ్లు కట్టి గానుగలు మొదలుపెట్టారు. నా ఇంజను మాత్రం కొత్తల్లుడిలా కదలకుండా కూర్చుంది. మేం గెడ్డ అని పిలిచే వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయి పెట్రోలు లారీలు ఆగిపోయాయి. చోడవరంలో పెట్రోలుకు పొద్దున ఒక ధర, సాయంత్రం ఇంకో ధర. అగ్గిపుల్ల గీయకుండానే మండిపోయింది. మర్నాటికి ధరా లేదు, సరుకూ లేదు. నాకు కావలసిందల్లా ఒక్క అరగ్లాసు.

చోడవరంలో టాక్సీ కారున్న మా అక్క మొగుడి దగ్గరికి వెళ్ళాను.

"చుక్క లేదురా సత్యం," అన్నాడు బావ. "కారు టాంకీలో అడుగున ఏదో ఉంటాది. గొట్టమెట్టి లాక్కో. ఏటి సూస్తన్నావు, నన్ను నోటితో లాగమంటావా?"

"వద్దులే బావా. నీ నోట్లోకెళ్ళింది ఏదీ బయటికి రాదు."

నా హాస్యానికి నాకే నవ్వొచ్చింది. నవ్వుతూనే రబ్బరు గొట్టం గట్టిగా పీల్చాను. అడుగంటిన టాంకీ కదా, సగం గాలి, సగం పెట్రోలు ఒక్కసారిగా గొంతులోకి దూసుకొచ్చాయి. గొంతు నుంచి గుండెదాకా నిప్పు. కళ్ళలో నీళ్ళు. దగ్గు ఆగదు. అయినా డబ్బాలో అరగ్లాసు పడింది. అది చూసుకుని గర్వంగానే ఇంటికి నడిచాను.

"ఏటా కంపు?" అంది నా భార్య మహాలక్ష్మి గుమ్మంలోనే. చెప్పాను. అంతే, ఇల్లు ఇల్లంతా లేచింది. మా వైపు ఎవరు ఏ పాడు వస్తువు మింగినా మొదటి వైద్యం కుంకుడు రసం. అమ్మ తల పట్టుకుంది, మహాలక్ష్మి పోసింది. కక్కాను, మళ్ళీ కక్కాను, కక్కినదాంట్లోనే ఉక్కిరిబిక్కిరయ్యాను. అంత హడావిడిలోనూ అమ్మ నోట్లో అడ్డపొగ ఉంది. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం మా అమ్మలకు అలవాటు.

"అత్తా, నువ్వు దూరంగా ఉండు! అంటుకుపోతాడు!"

"నా కడుపున పుట్టినోడు పేలిపోతాడేటే?" అంటూనే అమ్మ వెళ్ళి పెరట్లో కూర్చుంది. ఆ తరువాత రోజుల తరబడి నన్ను గుమ్మంలోంచే చూసేది.

తెల్లారేసరికి జ్వరం. కుడిపక్క డొక్కలో, ఊపిరి తీసినప్పుడల్లా ముల్లు గుచ్చినట్టు పోటు. త్రేనుపు వస్తే పెట్రోలు వాసన. చోడవరం డాక్టరుగారు సైకిలు మీద వచ్చి స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు.

"వాంతి చేయించారా?"

"కుంకుడు రసం పోసేమండి," అంది మహాలక్ష్మి, మంచి పని చేసినట్టు.

ఆయన కళ్ళు మూసుకుని తెరిచారు. "పెట్రోలుకి ఆ పని చేయకూడదమ్మా. పొట్టలో ఉన్నది పైకొచ్చి లంగ్స్‌లోకి పోతుంది. ఇది కెమికల్ న్యుమోనియాలా ఉంది. ఎక్స్‌రే తీయాలి, ఆక్సిజన్ అవసరం పడొచ్చు. విశాఖపట్నం తీసుకెళ్ళండి."

"దేనిమీదండీ?"

ఆయన తన సైకిలు వంక చూశారు.

మహాలక్ష్మి బావ దగ్గరికి పరుగెత్తింది. గెడ్డ దిగువన చుట్టు తిరిగిపోయే మెరక దారుందట, బండిలో అంత దూరం నేను తట్టుకోలేను గానీ కారు కష్టం మీద దాటుతుందట. కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

"పేణమైనా ఇస్తాను చెల్లెమ్మా, పెట్రోలు మాత్రం లేదు," అన్నాడట బావ. "ఉన్న కాస్తా మీ ఆయనే లాగేసేడు కదా!"

నిజమే కదా అనుకున్నాను. నన్ను మొయ్యాల్సిన కారు దాహానికున్నది నేనే తాగేశాను. నేను తెచ్చిన అరగ్లాసు నా మంచం కిందే ఉంది. ఇంజను లేవడానికి సరిపోతుంది, నేను లేవడానికి సరిపోదు.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే కూర్చునే బలం లేదు. గోడకు ఆనుకుని, ఊరంతా గానుగలు కిర్రుమంటుంటే వింటూ ఉండేవాణ్ణి. ఇంజను తిప్పడం నాకు తప్ప ఎవరికీ రాదు కనక, గాలి ఇటు తిరిగినప్పుడు నా చెరకు పులిసిన వాసన వచ్చేది. చివరికి దాని గురించి బాధపడటం కూడా మానేశాను. తరువాతి ఊపిరి వస్తుందా రాదా అన్నదే లెక్క. నా పెదాలు నల్లబడుతున్నాయని మహాలక్ష్మి అద్దం దాచేసింది.

గెడ్డలో నీరు కాస్త తీసిందని తెలియగానే అప్పన్న బండి కట్టుకొచ్చాడు. కట్టినవి నేనమ్మిన ఎడ్లే. గడ్డి పరిచి నన్ను కూర్చోబెట్టారు, మహాలక్ష్మి వెనక నుంచి పట్టుకుంది. గెడ్డ మధ్యలో, నీళ్ళు ఇరుసు తాకేసరికి ఆ ఎడ్లలో ఒకడు, పుల్లడు, ఆగిపోయాడు. అప్పన్న అదిలించాడు, బతిమాలాడు. కదలడు.

"బాబూ, ఆడింకా నీ గొంతే ఇంటాడు. ఒక్క కేకెయ్యి!"

నోరు తెరిచాను. దగ్గు వచ్చింది. మళ్ళీ తెరిచాను. అదీ రాలేదు. ఏళ్ళ తరబడి పొలంలో నేను వేసిన కేకల్లో ఒక్కటి మిగిలి ఉంటే చాలు. లేదు. నీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు మహాలక్ష్మి అరిచింది, అచ్చం నా యాసలో, నా బూతుతో సహా. పుల్లడు ఉలిక్కిపడి లాగాడు. నేనెంత చెడ్డగా అరిచేవాణ్ణో అప్పుడే తెలిసింది.

అనకాపల్లిలో రైలెక్కాం. అది బొగ్గు తినేది కనక దానికి పెట్రోలు కరువు లేదు.

విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే చూసి పెద్ద డాక్టరుగారు, "రైట్ లోయర్ లోబ్, కుడి ఊపిరితిత్తి కింది భాగం, అంతా తెల్లగా ఉంది," అన్నారు. "పెట్రోలు ఎందుకు తాగావయ్యా?"

"ధర పెరిగిందండి," అన్నాను ముక్కుతూ.

ఆయన నవ్వలేదు. ఆక్సిజన్ పెట్టారు. పెనిసిలిన్ పొడిచారు. జ్వరం తగ్గింది, అమ్మయ్య అనుకున్నాం, తిరగబెట్టింది. "ఎఫ్యూజన్. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, తీయాలి," అన్నారు. వీపులోంచి సూది దింపుతూ "ఊపిరి బిగబట్టు" అన్నారు. ఉంటే కదా బిగబట్టడానికి.

కొన్నాళ్ళకు బావ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. కారులో!

"కారెలా కదిలింది అన్నయ్యా?" అంది మహాలక్ష్మి.

"గెడ్డకి రోడ్డేసేరు, లారీలొచ్చేసేయి. రేటు దబ్బున పడిపోయింది చెల్లెమ్మా. గడ్డిమేటు కింద దాసిన పీపా ఇంకెందుకులే అని..."

అక్కడ ఆగాడు. ఆగినా లాభం లేదు, మాట గొట్టంలోంచి వచ్చేసింది. మహాలక్ష్మి కిటికీ వైపు తిరిగిపోయింది. నాకు తిట్లన్నీ గుర్తొచ్చాయి గానీ మాట్లాడకూడదని డాక్టరు ఆజ్ఞ. ఆజ్ఞ లేకపోయినా ఊపిరి లేదు. బావ బత్తాయిలు నా పక్కన పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అవి కూడా పెట్రోలు వాసనే వేశాయి.

ఇంటికొచ్చాక చెరకు పొయ్యిలోకి పనికొచ్చింది. ఇంజను మీద ఇప్పుడు కోళ్ళు పడుకుంటున్నాయి. కొత్త ఎడ్లజతను కొన్నాను. చుట్ట మానేశాను. మిట్ట ఎక్కితే ఆయాసం వస్తుంది, చలికాలం దగ్గు వస్తుంది. డాక్టరుగారు, "నెమ్మదిగా నడు, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకో," అన్నారు.

మొన్న చోడవరం సంతరోజున కె.కోటపాడు నుంచి బండి తోలుకొస్తుంటే దారిలో బావ కారు ఆగి ఉంది. పెట్రోలైపోయింది. పక్కనే ఒక లారీ, దాని టాంకీలో గొట్టం, గొట్టం కొస బావ పెదాల మధ్య. బండి దిగి ఆ గొట్టం లాక్కుని చెరువు గట్టవతలికి విసిరేశాను. మీకూ అదే చెబుతున్నాను: నోటితో పెట్రోలు గానీ కిరసనాయిలు గానీ లాగకండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఆ తరువాత కారును నా బండి వెనక మోకుతో కట్టాను. బావను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాను.

"ఊరి బయట నుంచి పోనీరా సత్యం, నీకు పున్నెముంటాది," అన్నాడు.

నేను చోడవరం బజారు మధ్య నుంచి పోనిచ్చాను. బట్టల కొట్టు దగ్గర ఆగాను, కాఫీ హోటలు దగ్గర ఆగాను, సంత జనం మూగినచోటల్లా ఆగాను.

"ఎడ్లు అలిసిపోనేదు కదరా, ఎందుకాపుతన్నావు?" అని వెనక నుంచి ఏడుపు గొంతుతో అరిచాడు బావ.

"ఎడ్లకి కాదు బావా, నాకు. ఊపిరి తీసుకోమన్నారు డాక్టరుగారు."