నింతోకు కథ నేనే చదివాను

అమెరికాలోని సన్నీవేల్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు లైబ్రరీలో పెద్దవాళ్ల ఇంగ్లీషు క్లాసులో చేరాను. సాయం లేకుండా ఒక పేజీ పైకి చదివితే పై క్లాసుకు పంపుతారు. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నా వంతు రాగానే కళ్లద్దాలు తుడుచుకుని లేచి నిలబడ్డాను.

నా పేజీలో జపాన్ చక్రవర్తి నింతోకు కథ ఉంది. ఇళ్ల మీద పొయ్యి పొగ కనబడక, జనం పస్తులున్నారని పన్నులు ఆపేశాడట. ఒక మాట దగ్గర ఆగిపోయాను. పక్కనున్న జపాన్ ఆవిడ యూకో అందించబోయింది.

"నో నో, చెప్పకు!" అని, కూడబలుక్కుని చివరిదాకా చదివేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఈయన నిజంగా ఉన్నాడా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో యూకోని అడిగాను.

"డౌటే లక్ష్మీ! అయినా సమాధి ఉంది, దండం పెడతాం," అని నవ్వింది.

ఆయన ఉన్నాడో లేదో గాని, ఆయన కథ చదివి పై క్లాసుకు వెళ్లినదాన్ని నేనున్నాను.