ఆఖరి నీళ్ళు పోసే హొతిజా

మా ఊళ్ళో ఆడవాళ్ళెవరు పోయినా ఆఖరి స్నానం చేయించేది హొతిజా అక్కే. ఉప్పుమడుల పక్కన రేకుల ఇల్లు, పెరట్లో రేగుచెట్టు. ఆ ఆకులు నీళ్ళలో వేసి, కర్పూరం కలిపి, పోయిన మనిషితో మెల్లగా మాట్లాడుతూ కడిగేది. కాస్త ఇటు తిరుగమ్మా, అయిపోయిందిలే, అని బుజ్జగించేది. బతికున్నవాళ్ళ మీద మాత్రం అంత దయ లేదు. నా కాఫీ కొట్టుకు వచ్చి, మర్వియా కాఫీ అంటే పిల్లకాలువ నీళ్ళే అని పదిమందిలో అనేది. ఒళ్ళు మండి ఇంకో చెంచా పొడి వేస్తే, చేదు విషం పోశావనేది. అలాంటి మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగానో నాకే తెలియదు.

ఆ రోగం వచ్చిన రెండో ఏడు, ఎండలు ముదిరి ఉప్పు గీసే రోజుల్లో, మా మదురా దీవిలో చావు కబురు వింటే ఎవరూ ఉలిక్కిపడడం మానేశారు. ఒకరిది ఆయాసమన్నారు, ఒకరికి గాలి సోకిందన్నారు, ఒకామెకు దిగులే ప్రాణం తీసిందన్నారు. అసలు రోగం పేరు ఎవరి నోటా రాలేదు. నర్సమ్మ ఎర్ఫీనా పంచాయతీ వసారాలో బల్ల వేసుకుని, పరీక్ష పుల్లలు ముందు పెట్టుకుని పొద్దంతా కూర్చునేది. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. ఆ బల్ల ముందు నుంచి నడవాల్సి వస్తుందని జనం మడిగట్ల మీదుగా చుట్టూ తిరిగి సంతకు పోయేవారు. ముక్కులో పుల్ల పెడితే చాలు, జలుబున్నవాణ్ణి కూడా 'కోవిడ్ చేసేస్తారు' అని నా కొట్టులోనే చెప్పుకునేవారు. మా ఊరి మాట అది. రోగం రావడం కాదు, ఎవరో పనిగట్టుకుని చేసేయడం.

నిజానికి వాళ్ళ భయం పుల్ల కాదు. పరీక్షలో ఉందని తేలితే పట్నం ఆసుపత్రి. అక్కడ పోతే ప్లాస్టిక్ సంచి, ముసుగు మనుషులు, అయినవాళ్ళ చేతి నీళ్ళు ఒంటిమీద పడకుండానే గోతిలోకి. చావుకు మావాళ్ళు అంతగా జడవరు, అలా పోవడానికి మాత్రం జడుస్తారు. నాకూ అంతే, దాచడమెందుకు.

అందుకని అందరూ ఇళ్ళలోనే పోయారు, అందర్నీ అక్కే కడిగింది. నర్సమ్మ బతిమాలి చేతికి తొడుగులు ఇచ్చింది. మొదటి ఇంట్లోనే, మా అత్త అంత మురికిదా, అని కోడలు గొడవపెట్టుకుంది. ఆ తర్వాత తొడుగులు అక్క సంచిలోంచి బయటికి రాలేదు. ఒక ఇంటి నుంచి వస్తూ ఇంకో ఇంటివాళ్ళకు ఎదురయ్యేది. నా బెంచీ మీద కూలబడి, కాఫీ ఎలా ఉందో కూడా చెప్పకుండా తాగేసి వెళ్ళేది. తిట్టడం మానేసిందంటే మనిషి ఎంత అలిసిపోయిందో అప్పుడే అర్థమైంది నాకు.

అలాంటి రోజుల్లో సమ్రియాకు జ్వరం తగిలింది. సమ్రియా, అక్క ఒకేసారి కాపురానికి వచ్చినవాళ్ళు, ఉప్పుమడిలో ఒకే గంపకు అటొకరు ఇటొకరు చెయ్యి వేసినవాళ్ళు. మూడోనాటికి సమ్రియాకు ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ పెడితే బతుకుతుందని నర్సమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. పరీక్ష చేయించుకోనంటుంది సమ్రియా. గోడవైపు తిరిగి పడుకుని, కూతురు రొహ్మా ఏడ్చినా పలకలేదు. అక్క వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. నేను గంజి పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"పరీక్ష చేయించుకో. ఆసుపత్రికి పో. నీకేమన్నా అయితే, ఎక్కడున్నా సరే, నేనొచ్చి నా చేత్తో కడుగుతాను" అంది అక్క.

"రానిస్తారా నిన్ను?"

"రానివ్వకపోతే వాళ్ళనీ కడిగేసి వస్తాను."

సమ్రియా నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక ముక్కు ఇటు తిప్పి, ఏదీ ఆ పుల్ల, అంది.

ఆసుపత్రిలో వారం కూడా గడవలేదు, పోయిందని కబురొచ్చింది. రొహ్మాకూ జ్వరంగా ఉందని ఇల్లు కదలనివ్వలేదు. మా మేనల్లుడి బండిలో అక్క, నేను వెళ్ళాం. రేగాకుల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది అక్క. మేనల్లుడు బండి వీధి మొదట్లోనే ఆపుకున్నాడు. గేటు దగ్గర కాపలావాడు మంచివాడే, పాపం, నిలబడే ఓపిక లేక గోడకు ఆనుకుని ఉన్నాడు. లోపలే అన్నీ అయిపోయాయి పెద్దమ్మా, పెట్టె మూసేశారు, అన్నాడు. కడిగారా అని అక్క అడిగింది. చేయాల్సింది చేసే ఉంటారు, నేను చూడలేదు, అన్నాడు. అక్క దెబ్బలాడుతుందని చూశాను. మూట అక్కడే గోడ పక్కన పెట్టి వచ్చి బండెక్కింది.

ఊళ్ళో దిగేసరికి రొహ్మా వాకిట్లో ఉంది, దడి అవతల సగం ఊరుంది.

"కడిగావా పిన్నీ?"

లేదంటే ఇక ఆ బల్ల దగ్గరికి ఈ ఊరు చచ్చినా రాదు.

"కడిగాను. నేనే కడిగాను" అంది అక్క.

మర్నాటి నుంచి జనం నర్సమ్మ బల్ల దగ్గరికి రావడం మొదలైంది. ఒకరిద్దరు ముందు, తర్వాత ఇంటిల్లిపాదీ. హొతిజా వస్తుందిలే అన్న ధైర్యంతో ఆసుపత్రికి వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో చాలామంది నడుచుకుంటూ తిరిగొచ్చారు కూడా. తిరిగిరాని ఒకరిద్దరి కోసం కూడా అక్క పట్నం వెళ్ళొచ్చి అదే మాట చెప్పింది. అక్క మాత్రం సరిగా నిద్రపోలేదు. సమ్రియా కల్లోకి వచ్చి ఏమీ అనడంలేదే, తిట్టినా బాగుండును, అని ఒకసారి నాతో అంది. కాఫీ ఇచ్చాను.

ఆ వెనకే టీకా వచ్చింది. మళ్ళీ మొదలు. అందులో మనకు హరామైన పంది కొవ్వు కలిపారని ఒకడు, సూది పడినవాళ్ళు రెండేళ్ళలో పోతారని ఒకడు. వేయించుకున్నవాళ్ళకు మంచినూనె పొట్లం ఇస్తామంటే, చూశావా, మంచిదైతే లంచమెందుకు, అని ఇంకొకడు. అక్క విసుగ్గా వెళ్ళి అందరికంటే ముందు చెయ్యి చాపింది. రెండేళ్ళు గ్యారంటీ అంటే ఇంకేం కావాలర్రా, అంది. నవ్వినవాళ్ళు నవ్వారు, వేయించుకున్నవాళ్ళు వేయించుకున్నారు.

సూది పడిన నాలుగోనాడు అక్కకు జ్వరం కాసింది.

క్షణాల్లో ఊరంతా పాకింది. సూదే కొట్టింది అన్నారు. టీకా ఒంటికి పట్టడానికి ఇంకా రోజులు కావాలనీ, ఈలోగా శవాల దగ్గర అంటుకుని ఉంటుందనీ నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వినీ విననట్టు ఊరుకున్నారు. పరీక్ష చేస్తేగాని తేలదు. నేను వెళ్ళేసరికి అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రొప్పుతోంది.

"పుల్ల వద్దు మర్వియా. అక్కడ ఎవరూ కడగరని ఊళ్ళో నీకూ నాకే తెలుసు. ఇక్కడే పోనీ" అంది.

"పో. టీకాయే చంపిందని రేపు ఊరంతా ఇళ్ళలో దాక్కుంటుంది. సమ్రియా పేరు చెప్పి ఆడిన అబద్ధం కూడా దండగవుతుంది" అన్నాను. కోపంగానే అన్నాను. కోపం ఎవరి మీదో తెలియలేదు.

అక్క లేచి కూర్చుని, నీళ్ళు కాచమంది. రేగాకులు కోసుకు రమ్మంది.

పెరట్లో పీట మీద కూర్చోబెట్టాను. ముందు కుడివైపు అంది, పోశాను. ఎడమవైపు అంది, పోశాను. మెల్లగా, అదేమన్నా గిన్నె తోమడమా, అని కసిరింది. చివరి చెంబులో కర్పూరం కలిపించింది. ఎముకలు తేలిన ఆ వీపు మీద నీళ్ళు పోస్తూ ఏడుపు ఆపుకోలేకపోయాను. బతికుండగా పోస్తే ఇది లెక్కకు వస్తుందా అక్కా, అని అడిగాను.

"రాదు. నాకు తెలియదనుకున్నావా? పోయ్."

తుడిచి, ఉతికిన చీర కట్టాను. నా భుజం పట్టుకుని, మడిగట్ల మీదుగా కాకుండా నడివీధిలోంచి, అందరూ చూస్తుండగా నర్సమ్మ బల్ల దాకా నడిచింది. రోగమేనని తేలింది. సాయంత్రం బండి వచ్చి తీసుకుపోయింది.

అక్క తిరిగి రాలేదు. పెట్టెలో వచ్చింది, ముసుగు మనుషులు దించి మట్టి కప్పి వెళ్ళిపోయారు. దూరంగా నిలబడిన ఆడవాళ్ళంతా నావైపు తిరిగారు. రొహ్మా ముందుకు వచ్చింది.

"పిన్నిని ఎవరు కడిగారు?"

"నేను. తల మొదలు పాదాల దాకా నా చేతులతో కడిగాను" అన్నాను.

రొహ్మా నా చేతులు రెండూ తీసుకుని నుదుటికి ఆనించుకుంది. నా చేత అబద్ధం ఆడించకుండా పోయింది, మహాతల్లి.