జూలై ఎండలో బార్లీ రసం చల్లార్చడం

ఆ రోజుల్లో, అంటే కువైట్‌కి వచ్చిన కొత్తల్లో, ఏదైనా చెయ్యకూడదని ఎవరైనా చెబితే చాలు, అది ఎలా చెయ్యాలా అని ఆలోచించే వయసు మాది. ఫహాహీల్‌లో ఒకే గదిలో ముగ్గురం. షుఐబాలో పనిచేసే నేను, సబ్హాన్‌లో ఏసీలు బాగుచేసే కడపన్న, మా అమలాపురం వైపు మాస్టారు. (ఆయన ఎవరికీ పాఠం చెప్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి మాకు చెప్పేవారు.) ఒక శుక్రవారం మాస్టారు ఇంట్లోనే బీరు చేద్దామన్నారు. అక్కడ మద్యం నిషేధం, దొరికితే ఇఖామా, అంటే ఉండటానికిచ్చే అనుమతి, రద్దు చేసి విమానం ఎక్కిస్తారని ముగ్గురికీ తెలుసు. అయినా వారం తిరిగేసరికి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ బిర్యానీ గిన్నెలో కుతకుతా ఉడికింది.

"ఇప్పుడు గబగబా చల్లార్చాలండి. ఆలీసమైతే రుచి పోద్ది, వేడి మీద ఈస్టేస్తే అది చచ్చూరుకుంటది" అన్నారు మాస్టారు. కడపన్న ఏసీ రాగిగొట్టాన్ని చుట్టలు చుట్టి గిన్నెలో దింపి, దాని కొసను కుళాయికి తగిలించాడు. గొట్టంలో పారే చన్నీళ్లు రసంలోని వేడిని లాగేస్తాయట. కుళాయి తిప్పి, గొట్టం మీద చెయ్యి పెట్టి, ఎగిరి గంతేశాడు. "అబ్బా! ఏందప్పా ఇది, నీళ్లే కాలిపోతాండాయి!" జూలై మిట్టమధ్యాహ్నం, డాబా మీది ట్యాంకు నీళ్లు మరి! మాస్టారు వీడియో మళ్లీ చూసి, "ఆళ్ల ఊళ్లో మంచు కురుస్తోందండి" అన్నారు నీరసంగా.

ఐసు మోసుకొచ్చే పని నాకు పడింది. లిఫ్టు పాడైంది. రెండు భుజాల మీదా సంచులు కారుతుంటే మెట్లెక్కి వచ్చి, బట్టలుతికే టబ్బులో గిన్నె పెట్టి చుట్టూ ఐసు పోశాం. కడపన్న మూతతో విసురుతున్నాడు. అంతలో తలుపు దబదబా మోగింది. బిల్డింగు కాపలాదారు (అక్కడ హారిస్ అంటారు), ఈజిప్టు పెద్దాయన, మెట్ల మీది తడి చూసుకుంటూ సరాసరి మా గదికే వచ్చాడు. లోపలికొచ్చి ముక్కు ఎగబీల్చి, "ఏమిటిది?" అన్నాడు అరబీలో. మాస్టారి మొహం పాలిపోయింది. నాకైతే ఇంటికి పంపాల్సిన డబ్బు, మా నాన్న మొహం వరసగా కనబడ్డాయి. "షయీర్... బార్లీ" అన్నాను.

కడపన్న మాత్రం గ్లాసు ముంచి చేతికిచ్చాడు. "తాగు బాబా, కడుపుకు సల్లగుంటాది" అన్నాడు తెలుగులోనే. ఈస్టు ఇంకా వెయ్యలేదు, పులియలేదు కాబట్టి అది ఒట్టి తియ్యటి బార్లీ నీళ్లే. పెద్దాయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. తెరిచి, "తమామ్! మా అమ్మ చేసేది ఇలాగే" అన్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు. ఆనక కిటికీలోంచి పక్క బిల్డింగు హారిస్‌ని కేకేశాడు. అతను ఇద్దరు డ్రైవర్లను వెంటబెట్టుకొచ్చాడు. గిన్నె అడుగు కనబడుతుంటే, మాస్టారు ఈస్టు పొట్లం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఖలాస్ మాస్టారూ. ఈస్టు ఏసేదానికి రసమేమీ మిగల్లేదు" అన్నాడు కడపన్న. భయం వదిలాక మాకొచ్చిన నవ్వు అంతా ఇంతా కాదు. తడి నేల మీదే కూలబడి, పొట్టలు పట్టుకుని నవ్వాం.

మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు నా జుట్టు నెరిసింది, రెండు మెట్లెక్కితే ఆయాసం. కానీ ఐసు సంచులు భుజాన వేసుకుని, చొక్కా అంతా తడిసి, మూడేసి మెట్లు ఒక్క అంగలో దూకిన ఆ కుర్రాడిని తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ఆ మధ్యాహ్నం కువైట్ మొత్తానికి చల్లగా ఉన్నవాడు బహుశా వాడొక్కడే.